పుట్టకముందే భయపడిన పిల్ల

అమెరికాలోని టూసాన్ నగర శివార్లలోని పరిశోధనశాల గొర్రెల కొట్టంలో ఆ రాత్రి పరిశోధక విద్యార్థిని దెల్ఫీనా ఒక్కతే ఉంది. చూలుగొర్రె గడ్డిమీద హాయిగా నిద్రపోతోంది. కడుపులో పిల్లకు తిండి అందించే మాయ బలహీనమై, లోపలి పిల్ల సరిగా ఎదగలేదు. సన్నని గొట్టంతో ఆ పిల్ల నెత్తురు తీసి పరీక్షించిన దెల్ఫీనా ఉలిక్కిపడి, ప్రొఫెసర్ మారిబెత్‌కు ఫోన్ చేసింది.

"మేడమ్, తల్లి నిశ్చింతగా ఉంది. పిల్ల నెత్తురు నిండా భయపడితే ఊరే అడ్రినలిన్! తోడేలు తరుముతున్నట్టుంది. చక్కెర ఎక్కించినా ఇన్సులిన్ పెరగట్లేదు."

"పెరగదే పిచ్చిదానా! ఆ భయమే ఇన్సులిన్‌ని పట్టి ఉంచుతోంది. వదిలితే ఉన్న కాస్త చక్కెరా కండలు మింగేస్తాయి. మెదడు మాడిపోతుంది. ఆ పిల్ల ఎంత గడుసుదో చూడు!"

దెల్ఫీనాకు, ఎవరూ నేర్పకుండానే చీకట్లో తన ఆకలిని తానే అదిమిపట్టి బతుకుతున్న ఆ ప్రాణికి దణ్ణం పెట్టాలనిపించింది.

"మరి పుట్టాక?"

"అప్పుడే అసలు గండం. భయం వదులుతుంది. ఇన్నాళ్లూ ఆగిన ఇన్సులిన్ ఒక్కసారిగా పొంగి, చక్కెర పడిపోతుంది. పక్కన చక్కెర ఎక్కించే మనిషుండాలి. ఈనడానికి ఇంకా మూడు వారాలుందిగా, కాసేపు నడుం వాల్చు."

ఫోన్ పెట్టగానే కొట్టమంతా నిశ్శబ్దమైంది. వెనక గడ్డి గరగరలాడింది. దెల్ఫీనా తిరిగి చూసింది. గొర్రె లేచి, గోడకేసి తిరిగి నిలబడి ఉంది. దాని వెనక్కాళ్ల మధ్యనుంచి ఉమ్మనీరు బొట్టుబొట్టుగా గడ్డిలోకి కారుతోంది.

గ్లూకోజు సిరంజి అందుకుని ఆమె మోకాళ్లమీద కూర్చుంది.

"రా నాన్నా," అంది. "కానీ ఆ భయం మాత్రం అప్పుడే వదలకు."