ఖాళీ కొమ్మ

ఆ అడవిలో కబుర్లన్నీ ఉడతల నోటే నడిచేవి. ఆకాశం నుంచి గద్ద చూసి చెప్పిన మాట చెట్టు నుంచి చెట్టుకు దాటి, కింద దారిన పోయే జంతువులకు చేరేది. ముందొచ్చిన కబురు ముందు పోవాలి. అదీ కట్టుబాటు.

ఆ పూట నెమలి తన నాట్యానికి పేరుపేరునా పిలుపులు పంపుతోంది. అంతలో గద్ద అరిచింది. "ఎగువన వాగు పొంగింది. లేళ్లు రేవులోకి దిగుతున్నాయి, ఆపండి."

తుర్రి అనే ఆడ ఉడత నోరు తెరవబోయింది. పెద్ద ఉడత తోక అడ్డం పెట్టింది.

"వరుసలో ఉండవే. ఇంకా కుందేళ్ల పిలుపులే అవలేదు. అందరికీ ఒకటే న్యాయం."

"వరద కూడా వరుసలో నిలబడుతుందా, పెద్దమ్మా?"

తుర్రి పిలుపులు నడవని పై కొమ్మకి దూకి కేకేసింది. పక్క చెట్ల పై కొమ్మల్లో ఊరికే కూర్చున్న ఉడతలు ఆ కేక అందుకున్నాయి. అది రేవు చేరేసరికి లేడికూన మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది. తల్లి దాన్ని గట్టు మీదికి తోసి తనూ ఎక్కింది. వెనకే వరద విరుచుకుపడింది.

అప్పట్నుంచి ప్రతి చెట్టునా పై కొమ్మని ఆపద కబుర్లకే వదిలేశారు.

మర్నాడు నాట్యానికి ముందు నెమలి సణిగింది. "పై కొమ్మ ఖాళీగానే ఉందిగా, నా పిలుపులు అటు పంపితే ఏం పోయింది?"

"నిన్న అది ఖాళీగా ఉండబట్టే, నెమలి బావా," అంది తుర్రి, "లేడికూన ఇవాళ నీ నాట్యం చూడ్డానికి వచ్చింది."