నిద్ర లేచిన కంప్యూటర్

"ఈసారి మీ అక్క కన్ను కంప్యూటర్ మీదే పడుతుంది, చూస్తూండండి. దాని వెనకాలే మన పిల్లా పోతుంది," అంది లోసేలి, రేవులో ఓడ కూత వినబడగానే.

ఆమె మొగుడు ఫెలేటి గాలం తాడు చుట్టుకుంటూ, అక్క అడిగితే ఇవ్వాల్సిందే కదా అన్నాడు. టోంగాలో ఏ తమ్ముడైనా అనే మాటే అది. తమ్ముడి ఇంట్లో అక్కకి నచ్చినదాన్ని కాదనే వాళ్ళుండరు. లోసేలి ఏడు నెలలు కూర్చుని అల్లిన చాప కిందటేడు అలాగే వెళ్ళిపోయింది. చాపయితే మళ్ళీ అల్లుకోవచ్చు. పదహారేళ్ళ సిసీలియా రోజూ సాయంత్రం ఆ కంప్యూటర్‌లో మేనత్తతో మాట్లాడుతూ పడీపడీ నవ్వుతుంది. తల్లి పలకరిస్తే "ఊఁ" అంటుంది, అంతే.

ఒక్కటే ధైర్యం. పొద్దున సిసీలియా అత్తకి ఎదురెళ్ళాలని హడావిడిగా రేవుకి పరిగెత్తాక, బల్ల తుడుస్తూ లోసేలి కంప్యూటర్ మూత వేసింది. మళ్ళీ తీస్తే అది నిద్రయితే లేచింది గానీ లోపలికి రానివ్వలేదు. టైమూ, పిల్ల ఫొటో కనబడుతున్నాయి, పాస్‌వర్డ్ కొట్టే గడి మాత్రం లేదు. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పాడైపోయిందేమోనని ముందు భయమేసింది. తర్వాత నెమ్మదిగా సంతోషమేసింది. రోగిష్టి వస్తువుని ఎవరు పట్టుకుపోతారు?

ఫెలేటి అక్క ఓఫా వస్తూనే చాప మీద చతికిలబడి, చేమాకుల్లో ఉడికించిన మాంసం తింటూ, తమ్ముడు చిక్కిపోయాడంది. సిసీలియా అత్త పక్కనే అతుక్కుని కూర్చుంది. తన పక్కన అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో లోసేలికి గుర్తు రాలేదు. ఉండబట్టలేక, కంప్యూటర్ చచ్చిపోయింది వదినా, ఇక ఎందుకూ పనికిరాదు అంది.

"చావడమేంటి, ఇలా తే. మా ఆఫీసులో రోజూ ఇదే గోల," అంటూ ఓఫా చేతులు తుడుచుకుంది.

సిసీలియా చటుక్కున లేచింది. ఇప్పుడెందుకు అత్తయ్యా, పూర్తిగా ఆపేసి పెడితే అదే బాగవుతుంది అంది. అలా ఆపితే రాసుకున్నవన్నీ పోతాయని ఓఫా ఒప్పుకోలేదు. పోతే పోనీ అంది పిల్ల. మేనత్త మాటకి కూతురు అడ్డు చెప్పడం లోసేలి వినడం ఇదే మొదటిసారి. నా పిల్ల నా వైపే ఉంది అనుకుని పొంగిపోయింది. "పోనీలే వదినా, అది వద్దంటోందిగా," అంది.

ఓఫా వినలేదు. మౌస్ తీగ పీకింది. చార్జర్ తీసి మళ్ళీ పెట్టింది. చివరికి మూడు మీటలు ఒక్కసారే నొక్కింది. గడి ప్రత్యక్షమైంది.

"కొట్టవే నీ పాస్‌వర్డ్."

సిసీలియా ఒక్కో అక్షరమే కొట్టింది. పొద్దున మూత వేసినప్పుడు ఎక్కడుందో అక్కడే తెరుచుకుంది కంప్యూటర్. పిల్ల మూయబోయేలోగా, భుజం మీంచి చూస్తున్న లోసేలి చదివేసింది. అది ఓఫా ఓడ మీంచి పంపిన కబురు: "రాగానే మీ అమ్మని అడిగేస్తాను, పిల్లని నాకిచ్చెయ్యమని."

"చాప ఇచ్చాను, నోరెత్తలేదు," అంది లోసేలి. "రోజూ ఆ అద్దంలోంచి నవ్వి నవ్వి నా బిడ్డ మనసు విరిచేశారు. ఇప్పుడు మనిషినే పట్టుకుపోతారా? ఇది నేను కన్న పిల్ల వదినా."

ఓఫా తల దించుకుంది. ఫెలేటి గాలం కింద పెట్టాడు. లోసేలి కూతురి చెయ్యి పట్టుకుని, నేను వెళ్ళనని నీ నోటితో చెప్పవే మీ అత్తకి అంది.

పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడింది. బయట పంది ఒకటి కొబ్బరి పెంకు దొర్లిస్తూ ఇంటి చుట్టూ తిరిగింది.

సిసీలియా రెండో చేత్తో కంప్యూటర్ మూత వేసింది.

"అత్తయ్య ముందు వద్దనే అందమ్మా. ఆవిడ అడిగితే నువ్వు కాదనలేవని, నేనే అడగమన్నాను."