మేక తాగని మొదటి గుక్క

మంచుకొండ కింద ఏరు పొంగిందంటే అడవికి పండగే. కొండ దిగొచ్చిన మేక మొదటి గుక్క తాగాకే మిగతా జంతువులు మూతి ముంచాలి.

ఈ ఏడు ఏరు ముందే, ఎన్నడూ లేనంతగా ఉరికింది. మేక మాత్రం తాగలేదు. నిరుడు మోకాలిదాకా మంచున్న చోట ఈసారి కొండ దిగుతుంటే దాని గిట్టలు రాళ్లమీద టకటకలాడాయి.

కొత్త బురదగుంటలోకి నీళ్లు మళ్లించుకోవాలని అడవిపందికి తొందర. "తాగి చావవే! కొండతల్లి ఎన్ని నీళ్లిచ్చిందో చూడు!"

"ఇస్తే తాగేదాన్నే. తల్లే కరిగిపోతోంది. నీ పిల్లలు తాగాల్సిన నీళ్లు కూడా ఇవాళే పోతున్నాయి. బురదకి ఒక్క చుక్క వదలను," అంటూ మేక అడ్డంగా నిలబడింది.

"కుమ్మేస్తా!"

"కుమ్ము. ముందు తలెత్తి పైకి చూడు."

పుట్టాక నేల తవ్వడమే తప్ప పైకి చూసెరగని పంది తలెత్తింది. కొండ తనలాగే నల్లగా ఉంది.