మెమొరీ తింటున్నదెవరు?

"ముక్కూమొహం తెలియనివాడికి కంప్యూటర్ అప్పగిస్తావా? నీ ఫొటోలన్నీ ఎత్తుకుపోతే?" తల్లి వత్సల గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆయీ, సాయంత్రానికి ఇంటి నక్షా పంపాలి. మౌస్ ఇప్పుడు కదిపితే బాణం అరనిమిషానికి కదులుతోంది. నీకు ప్రతివాడూ దొంగే!" కేతకి విసుక్కుంది.

ఈ భయాలు కేతకికి కొత్తకావు. తను పది నిమిషాలు ఆలస్యమైతే తల్లి నాసిక్‌లోని ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేస్తుంది.

మరమ్మతులు చేసే గైక్వాడ్ వచ్చి కూర్చున్నాడు. కాసేపు చూసి, అక్కా అన్నట్టుగా "తాయీ, మెమొరీ నిండింది. అది చాలనప్పుడు డిస్కులో వాడుకునే స్వాప్ కూడా నిండింది" అన్నాడు. "వంటగట్టు మీద చోటు చాలక గిన్నెలు నేల మీద పెట్టుకుంటే ప్రతిదానికీ వంగి లేవాలి కదా. అదీ ఈ నత్తనడక."

"స్వాప్ నేనే రెండుసార్లు పెంచానే!"

"మీరు వడ్డించారు, అది తినేసింది."

వత్సల అటుకుల పోహే ప్లేటు తెచ్చి అతని ముందు పెట్టింది. "తిని వెళ్ళు బాబూ. రేపు చూడొచ్చులే."

గైక్వాడ్ వినిపించుకోలేదు. మెమొరీ అంతా మింగుతున్న ఒక ప్రోగ్రామును ఆపాడు. నిమిషంలో అది తనంతట తానే లేచింది. మళ్ళీ ఆపాడు. మళ్ళీ లేచింది. అతని మొహంలో నవ్వు పోయింది.

"తాయీ, ఇది మీరు పెట్టిందేనా? నిమిషానికోసారి తెరను ఫొటో తీస్తోంది. కెమెరాతో మిమ్మల్నీ తీస్తోంది. ఎవరికో పంపుతోంది. పంపినవి కూడా వదలకుండా మెమొరీలోనే పోగేస్తోంది."

కేతకి చటుక్కున కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టింది. తను బట్టలు మార్చుకునేది ఈ గదిలోనే.

"ఎవరికి?"

"అది కనపడదు. పెట్టింది మాత్రం నవంబరు ఎనిమిదిన."

ఆ వారమే మందార్ ఈ కంప్యూటర్‌ను తీసుకెళ్ళి మెమొరీ రెట్టింపు చేయించి తెచ్చాడు. పన్నెండు రోజుల్లో తన మెడలో మంగళసూత్రం కట్టబోతున్న మందార్.

ఫోన్ చేసి నిలదీసింది. అతను మొదట నవ్వాడు. "నేను మెమొరీ వేయించానంతే కేతకీ, నీ మీద ఒట్టు!"

"నా గది నీకు సినిమా హాలా?"

"ఒక్క మాట విను..."

"ఈ పెళ్ళి జరగదు. మీవాళ్ళకు నువ్వే చెప్పుకో."

ఫోన్ పెట్టేసి, ఉంగరం లాగి బల్ల మీద పడేసింది. "నువ్వన్నదే నిజం ఆయీ. ఎవరినీ నమ్మకూడదు."

వత్సల గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దీన్ని పూర్తిగా తీసేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతోంది" అన్నాడు గైక్వాడ్. "అది పెట్టినవాళ్ళకే తెలుస్తుంది."

"మందార్ పేరు కొట్టండి."

కాదంది. కేతకి చెబుతుంటే మందార్ ఊరు పేరు, బండి నంబరు కొట్టాడు. అవీ కాదంది.

"పోలీసుల దగ్గరే తేల్చుకుంటాను. ఆయీ, చెప్పులేసుకో."

వత్సల కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఆయీ! నిన్నే. వస్తావా, రావా?"

గైక్వాడ్ చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. పోహే చల్లారిపోయింది. వత్సల అతని వైపు తిరిగింది.

"పాస్‌వర్డ్ కేతకి పుట్టినరోజు, బాబూ."