పాలు చల్లారేదాకా

"ఇరవై రెండు," అన్నాడు విఘ్నేష్, పాలలో తేలుతున్న లాక్టోమీటర్ వంక చూసి. "మామా, మళ్ళీ నీళ్ళు కలిపినావు."

పాలకేంద్రం ముందు వరసలో నిలబడ్డవాళ్ళు కిసుక్కుమన్నారు. మాలకొండయ్య మాత్రం తొణకలేదు. "నేను కలపలే అల్లుడా. నీ గాజుబుడ్డికే కళ్ళు పోయినట్టుండాయి."

"గేదె పాలయితే ఇరవై ఎనిమిది దాటాల. పోయిన నెలా ఇదే కత. ఈసారి నీ కార్డు కొట్టేయాల్సిందే."

"కొట్టేద్దువులే. ముందు రూలు ప్రకారం ఇంటికొచ్చి, నీ ఎదురుగా పితికించి చూడు."

ఆ కేంద్రంలో ఆ పద్ధతి మొదటినుంచీ ఉంది. రీడింగ్ తప్పితే కేంద్రం మనిషి రైతు ఇంటికి వెళ్ళి, కళ్ళ ముందు పితికించి చూడాలి. పొదుగులోంచే పల్చగా వస్తే తప్పు గేదెది. చిక్కగా వస్తే తప్పు మనిషిది. పోయిన నెల వెళ్ళినప్పుడు పాలు చిక్కగానే వచ్చాయి. అయినా, క్యాను కడిగిన నీళ్ళు అడుగున మిగిలి ఉంటాయిలెమ్మని విఘ్నేష్ వదిలేశాడు. మంచితనం చూపిస్తే నెత్తికెక్కుతారని ఇప్పుడు ఒళ్ళు మండింది.

కార్డు పోతే మాలకొండయ్య పాలు పోసుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. వానలు లేక చేను బీడు పడింది. ఆ గేదె ఒక్కటే అతనికి ఆధారం.

సాయంత్రం విఘ్నేష్ బండేసుకుని బయల్దేరాడు. రాచర్ల రోడ్డు దిగి రెండు మైళ్ళు మట్టిదారిన పోతే, చేలో ఒంటరిగా ఒక రేకుల ఇల్లు. భార్య పోయాక మాలకొండయ్య అక్కడే ఉంటున్నాడు. చుట్టూ మనిషి అలికిడి లేదు. గేదె నెమరు వేసే చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తోంది. కోపంగా వచ్చిన విఘ్నేష్ కూడా బండి ఆపి ఒక్క క్షణం చుట్టూ చూశాడు.

"రా అల్లుడా, రా. కూచో." మాలకొండయ్య మంచం వాల్చాడు. దాని మీద ఉతికిన దుప్పటి పరిచాడు. ఉడకబెట్టిన చెనిక్కాయలు పళ్ళెంలో పోసి పెట్టాడు.

"ఇయన్నీ ఎందుకు మామా, ముందు పాలు పితుకు."

విఘ్నేష్ తపేలా బోర్లించి, తడి లేదని చూసి మరీ ఇచ్చాడు. మాలకొండయ్య గేదెతో కబుర్లు చెబుతూ పితికాడు. పాలు నురగలు కక్కుతూ వచ్చాయి. కానీ వెంటనే కొలవడానికి లేదు. వేడి తగ్గాలి, నురగ అణగాలి. తపేలాను నీళ్ళ తొట్టిలో పెట్టి ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు.

"పాలల్లో నీళ్ళుండేది ఆ బుడ్డి ఎట్ల కనుక్కుంటాది అల్లుడా?"

"పోయినసారి చెప్పినా గదా."

"మతికి లేదు. ఇంకోసారి చెప్పు."

విఘ్నేష్ విసుక్కుంటూనే మొదలుపెట్టాడు. "బావిలో దూకితే నీళ్ళు నిన్ను పైకి తోస్తాయా లేదా? పాలూ అంతే. ఈ బుడ్డి తన బరువుకు సరిపడా పాలను పక్కకు నెట్టేదాకా మునుగుతాది. మంచి పాలు బరువు. కొంచెం నెడితే చాలు, తేలిపోతాది. నీళ్ళు కలిస్తే బరువు తగ్గుతాది. ఇంకా నెట్టాల. అందుకే లోపలికి దిగుతాది."

"మరి వేడి పాలల్లో ఏస్తే?"

"వేడికి పాలు ఉబ్బి తేలికయితాయి. అప్పుడూ మునుగుతాది. తప్పు రీడింగొచ్చి నీకే నష్టం."

"అట్లయితే బాగా చల్లారనీ. తొందరేముంది?"

ఫిజిక్స్‌లో డిగ్రీ చేసి పాలు కొలుస్తున్న తన మాటలను ఇన్నాళ్ళకు ఒక మనిషి నోరు తెరుచుకుని వింటున్నాడు. విఘ్నేష్‌కి హుషారొచ్చింది. బావి అడుగున చెవులు ఎందుకు నొప్పి పెడతాయో చెప్పాడు. ఇనప మేకు మునిగి, ఇనప పడవ ఎందుకు తేలుతుందో చెప్పాడు. మాటల్లో రెండు విడతలు టీ అయింది. గిద్దలూరులో చూసిన పెళ్ళిసంబంధం సంగతి కూడా తనే బయటపెట్టేశాడు. మాలకొండయ్య పగలబడి నవ్వాడు. నవ్వి చాలా రోజులైనట్టు మధ్యలో దగ్గొచ్చింది.

చివరికి విఘ్నేష్ లేచి లాక్టోమీటర్ వదిలాడు. అది రెండుసార్లు ఊగి నిలబడింది.

ముప్పై.



"చూసినావా మామా, నీ గేదే నీ మీద సాక్ష్యం చెప్పింది," అంటూ విఘ్నేష్ పుస్తకం తెరిచాడు. పెన్ను కాగితం మీద పెట్టాడు గానీ అది కదలలేదు. మాలకొండయ్య బతిమాలలేదు, బుకాయించలేదు. తల వంచుకుని చెనిక్కాయలు ఒలిచి అతని ముందు పోస్తున్నాడు. ఆ చేతులు చూసి విఘ్నేష్‌కి చచ్చేంత జాలేసింది. 'క్యాను కడిగిన నీళ్ళు మిగిలినవి. హెచ్చరించడమైనది' అని అబద్ధం రాసి పుస్తకం మూసేశాడు.

"ఇదే ఆఖరు మామా. ఇంకోసారయితే నా చేతుల్లో ఉండదు. నా ఉద్యోగం కూడా పోతాది. రేపట్నుంచి మంచి పాలు పోసుకుంటా నిమ్మళంగా ఉండు. నేను మళ్ళా ఈ ఇంటికి రావాల్సిన పని పడకూడదు."

మాలకొండయ్య ముఖం వాడిపోయింది. విఘ్నేష్ బండి స్టార్ట్ చేశాడు. రెండడుగులు కదిలాడో లేదో మాలకొండయ్య పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"మళ్ళా ఎప్పుడొస్తావో ముందే చెప్పిపో అల్లుడా. ఆ పొద్దున చెంబెడు నీళ్ళు కలిపి తెస్తా."