పండగ కుక్కపిల్లలు

“దొంగ దొరికింది అయ్యవారా!”

పలకలు దిద్దుతున్న జకరయ్య తలెత్తి చూశాడు.

బడి కాపలాదారు క్రీస్తుదాసు ఒక ఆడమనిషిని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. చేపలమ్మే మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఆమె తట్టలో చేపల్లేవు. పాత గుడ్డ మీద రెండు కుక్కపిల్లలు వణుకుతున్నాయి.

కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఉన్న ఆ క్రైస్తవుల పేటకి జకరయ్యే అయ్యవారు. ఆదివారం బడి కూడా ఆయనే నడిపేవాడు. పేటలో అందరూ కూలిజనం. బిడ్డలకు బొమ్మ కొనిచ్చే స్తోమత ఒక్కరికీ లేదు. అందుకని యాభై ఎనిమిది క్రిస్మస్‌కి ఆయనకో ఆలోచన తోచింది. కార్తీకంలో ఈనిన ఊరకుక్కల పిల్లల్ని ఏరి తెచ్చి, శుభ్రంగా కడిగి, గుడిలో ఆరాధన కాగానే బిడ్డల చేతుల్లో పెట్టాడు. ఆ మొహాల్లో వెలుగు చూసి ఆయనకు కళ్లు చెమర్చాయి.

అప్పట్నుంచీ ఏటా అదే కానుక. ఏటా జనవరి దాటకముందే కుక్కపిల్లలు మాయం.

ఇది నాలుగో ఏడు. ఇప్పటికి దొంగ దొరికింది.

“పేరేంది?”

“కామమ్మయ్యా. సముద్రం ఒడ్డున పట్టపుపాలెం.”

“వీటిని ఎవురికి అమ్ముతుండావు?”

“అమ్మేదానికి కాదయ్యా. ఉప్పుకాలవ గట్టున ఉంటే ఎత్తుకున్నా.”

“గట్టుదాకా వాటంతటవే నడిచిపోయినాయా?”

కామమ్మ చుట్టూ మూగిన ఆడవాళ్లకేసి చూసింది. ఇద్దరు ముగ్గురు చూపు తిప్పుకున్నారు.

“తెలీదయ్యా,” అంది.

జకరయ్య పిల్లల్ని తట్టలోంచి తీసేసుకున్నాడు.

“ఇవి నేను బిడ్డలకిచ్చిన కానుకలు. ఇంకోసారి ఈ పక్క కనిపించినావంటే పోలీసులకి పట్టిస్తా.”

“అట్నేనయ్యా. ఒక్క మాట చెప్పి పోతా. వచ్చే పండక్కి కుక్కపిల్లల్ని పంచబాకండి. పంచినా, వద్దనుకున్నోళ్లని బైట పారెయ్యకుండా నాకియ్యమనండి.”

“నాకు బుద్ధులు చెప్తుండావా? పో!”

కామమ్మ ఖాళీ తట్ట చంకన పెట్టుకుని ఇసకదారిన వెళ్లిపోయింది.

మరుసటి క్రిస్మస్‌కి జకరయ్య పదకొండు పిల్లల్ని పంచాడు. ఈసారి దొంగ భయం లేదని నిశ్చింతగా ఉన్నాడు.

జనవరి రెండో వారం పొద్దున్నే ఉప్పుకాలవ దాటుతుంటే గట్టున కాకులు గుంపుగా వాలి ఉన్నాయి. తోలాడు. మూడు కుక్కపిల్లలు చచ్చిపడి ఉన్నాయి. నాలుగోదానికి ఇంకా ఊపిరాడుతోంది. నల్లచెవుల పిల్ల. పేటలో పుష్పకుమారి బిడ్డలకి తనిచ్చినదే.

దాన్ని పైపంచెలో చుట్టుకుని నేరుగా ఆ ఇంటికి వెళ్లాడు.

“ఇది మీదే కదూ?”

పుష్పకుమారి దాన్ని చూసి తల వంచుకుంది.

“మాదే అయ్యవారా. బిడ్డలు నాలుగు దినాలు ఆడుకున్నారు, తర్వాత మర్చిపోయినారు. మాకే గంజి చాలదు. దానికేం పోసేది?”

“అప్పుడే వద్దనుండచ్చు గదా?”

“పండగనాడు, గుడిలో, అందరి ముందర మీరు తెచ్చి చేతిలో పెడితే వద్దనేదెట్టా?”

జకరయ్య పైపంచె చెంగు లాగి పిల్లని ఇంకాస్త కప్పాడు.

“అన్నేళ్లూ ఇంతే అయ్యవారా. మేం గట్టున వదిలేస్తే ఆ పట్టపుపాలెం ఆమె ఎత్తుకుపోయేది. ఆమెని మీరు తరిమేసినారు.”

“ఆ రోజు ఈ మాట చెప్పలేదేం?”

“సిగ్గేసింది.”

జకరయ్య ఎండలో ఇసకలో పడి పట్టపుపాలెం నడిచాడు. కామమ్మ ఇల్లేదని అడిగితే సరుగుడు తోట వెనక కడగొట్టు గుడిసె చూపించారు. చూరు నీడన ఆరేడు కుక్కలు పడుకుని ఉన్నాయి. బాగా ఎదిగిన కుక్కలు. వాటిలో కొన్నిటిని ఆయన పోల్చుకోగలిగాడు.

వల అల్లుకుంటున్న ముసలామె లేచి వచ్చింది.

“పిల్లని తెచ్చినారా? ఆడ పెట్టండయ్యా. రవ్వంత గంజి పోస్తా.”

“కామమ్మ లేదా?”

“కార్తీకంలో జరమొచ్చి పోయిందయ్యా. నేను దాని వదినని, పిచ్చమ్మని. పోయే ముందర వీటిని చూసుకుంటానని నా చేత ఒట్టేయించుకునింది.”

జకరయ్య పిల్లని చూరు నీడన దించాడు.

“కుక్కలంటే ఆమెకంత ప్రాణమా?” అన్నాడు.

“ప్రాణమా? వాటిని చూస్తే దానికి వణుకయ్యా. ఇంత కూడు పెట్టి ఆమడ దూరం జరిగేది.”

“మరెందుకు తెచ్చుకునేది?”

పిచ్చమ్మ నల్లచెవుల పిల్ల ముందు చిప్ప పెట్టి, పక్కనే కూలబడింది.

“ఆ క్రైస్తవుల పేట అయ్యవారు పండక్కి పిల్లల్ని పంచిన తొలి ఏడు, ఎవురో గట్టున వదిలేసిన దాన్ని కామమ్మ కూతురు ఎత్తుకొచ్చింది. ఏడేళ్ల పాప. ఏ పిచ్చికుక్క కాటు తినుందో ఏమో, అది పాపని కరిచింది. చెప్తే తరిమేస్తారని పాప దాచిపెట్టింది. మాకు తెలిసే పొద్దుకి నీళ్లు చూస్తే కేకలేస్తా ఉండాది. ఇంకే సూది మందూ పనిచెయ్యదన్నారు. ఒక్కగానొక్క బిడ్డ. ఇంకో ఇంట్లో అట్టా జరగకూడదని, ఏటా పండగైనాక పోయి గట్టు మీద ఉండేవన్నీ ఏరుకొచ్చేది.”

సముద్రపు గాలికి సరుగుళ్లు హోరుమంటున్నాయి.

“ఆ అయ్యవారిని పోయి అడగలేదా?” అడిగాడు జకరయ్య.

“పోయి అడుగుదాం పదమని నేను కొట్లాడినానయ్యా, ‘ఆ మహానుభావుడు బిడ్డలు నవ్వాలని ఇచ్చినాడు, నా కూతురు దాంతోనే పోయిందని తెలిస్తే ఇంక బతికినన్నాళ్లూ ఆయన నవ్వలేడు, ఎవురికీ చెప్పబాక వదినా’ అని నా నోరు మూసింది.”