తడి తువ్వాలు

"మళ్ళీ తెచ్చారా!"

తార్యా స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది.

పెద్దాయన ఓస్మో ఏమీ విననట్టే తడి తువ్వాలు విదిలించి హీటరు మీద ఆరేశాడు.

బయట మంచు గడ్డకట్టి ఉంది. కయానీ ఊరి గ్రంథాలయం కింది గదిలో గాలి పొడిపొడిగా ఉంది. గురువారాలు అక్కడ పాడైన వస్తువులు ఉచితంగా బాగుచేస్తారు. కంప్యూటర్ల పనంతా తార్యాదే. బాగైన ప్రతిదాని అడుగునా ఒక ఎర్ర చుక్క అంటించి పంపడం ఆమె సరదా.

"ఇదేమన్నా ఆవిరిస్నానాల సౌనా అనుకున్నారా పెద్దాయనా?"

"గాలికి దాహం వేస్తోంది తల్లీ. తాగనీ. ఇంతకీ పట్టీ కట్టుకున్నావా?"

పొడిగాలికి ఒంట్లో చేరే కరెంటును నేలలోకి దించే మణికట్టు పట్టీ సొరుగులో హాయిగా నిద్రపోతోంది. అందరిలాగే తార్యా కూడా బూట్లు గుమ్మం దగ్గర విడిచి, ఉన్ని మేజోళ్ళతో తివాచీ మీద తిరుగుతోంది.

"ఆ కరెంటు మెరుపు తగిలితే చురుక్కుమంటుందిగా. నాకు తెలీదా?"

"చురుక్కుమనేది పెద్దది. చిన్నది చెప్పి రాదు. ఆ పూటకి అంతా బాగానే ఉంటుంది. వారం పోయాక మిషను కన్ను మూస్తుంది."

"పదేళ్ళ నుంచి చేస్తున్నా. నువ్వు పాడుచేశావని ఒక్కరైనా వచ్చారా?"

ఓస్మో కాఫీ కప్పులోకి చూశాడు.

"రాలేదులే."

తను తెచ్చిన దాల్చినచెక్క బన్ను ఆమె ముందుకు జరిపాడు. తార్యాకు నవ్వొచ్చింది. ఈయన మీద కోపం బన్ను వేడి ఉన్నంతసేపు కూడా ఉండదు.

"మీరెప్పుడూ ఒక్క వస్తువైనా తేరేం? మీ ఇంట్లో ఏదీ పాడవదా?"

"ఉన్నది ఒక్కటే. అదిక బాగవదు."

వెళ్ళేటప్పుడు తార్యా మెల్లగా చెప్పింది. "వచ్చేవారం తువ్వాలు వద్దండీ. నీళ్ళు కారి తివాచీ కంపు కొడుతోందట. పైవాళ్ళతో మాట పడుతున్నా."

ఓస్మో తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

"సరే తల్లీ. పట్టీ అయినా కట్టుకో."

తర్వాతి గురువారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. తార్యాకు కాఫీ రుచించలేదు. మూడోవారం తనే ఒక తువ్వాలు తడిపి హీటరు మీద ఆరేసింది. పెద్దాయన చూసి నవ్వుతాడని ఆశ.

ఓ ముసలావిడ సంచీతో వచ్చి, తువ్వాలు దగ్గర ఆగిపోయింది.

"నేను ఓస్మో చెల్లెల్ని, హిల్కాని. అన్నయ్య పోయాడమ్మా."

తార్యా కళ్ళు నిండాయి. తుడుచుకుని అడిగింది.

"ఆయనకి ఈ మెరుపుల సంగతంతా ఎలా తెలుసు? ఏం చేసేవారు?"

"రోడ్డు మీద మంచు తీసే బండి నడిపేవాడు. ఆ చదువు దీని దగ్గర నేర్చుకున్నాడు."

హిల్కా సంచీలోంచి ఓ పాత కంప్యూటరు తీసి బల్ల మీద పెట్టింది.

"మా వదిన తన పాటలన్నీ దీన్లో దాచుకుంది. మెల్లగా నడుస్తోందని తనే ఎక్కడో బాగుచేయించి తెచ్చింది. వారం తిరిగేసరికి మిషను కన్ను మూసింది. లోపల ఎప్పుడో కనపడని మెరుపు తగిలిందన్నారు షాపువాళ్ళు. ఆ వేసవిలో వదినా పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు."

"బాగుచేసినవాళ్ళని వెళ్ళి అడగలేదా?"

"వెళ్ళాడట. ఎవరన్నయ్యా అంటే చెప్పడే! 'పిల్ల మంచిది, చెబితే మళ్ళీ పనిముట్టు పట్టదు, పొడిగాలి సంగతి నేను చూసుకుంటాలే' అనేవాడు." ఆవిడ కంప్యూటరును నిమిరింది. "ఒక్క పాటైనా వస్తుందేమో చూడమ్మా."

తార్యా పట్టీ బిగించి కట్టుకుంది. స్క్రూలు విప్పడానికి కంప్యూటరును బోర్లించింది.

అడుగున, కాస్త రంగు వెలిసిన ఎర్ర చుక్క ఉంది.